రెసిపీని 'వంటకం' అనవచ్చా?

సందేహం: మాదాపూర్‌లో సర్వర్ల నిర్వహణ నా ఉద్యోగం. 'షెఫ్' అనే సాధనంలో రెసిపీ రాసి నడిపితే ఎన్ని సర్వర్లలోనైనా సాఫ్ట్‌వేర్ దానంతట అదే ఇన్‌స్టాల్ అవుతుంది. కొత్తవారి కోసం మా సహోద్యోగి 'వంటకాన్ని నడిపితే సాఫ్ట్‌వేర్ ప్రతిష్ఠాపన జరుగుతుంది' అని తెలుగులో రాశారు. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: తెలుగులో రాయాలనుకున్నందుకు మీ సహోద్యోగికి నా అభినందనలు. కానీ 'వంటకం' కుదరదు. వండగా తయారైనది వంటకం. గుత్తివంకాయ కూర వంటకం, దాన్ని చేసే తీరు వంట విధానం. మీ లెక్కలో వంటకం అంటే సిద్ధమైన సర్వరే.

2009లో వచ్చిన షెఫ్‌లో చాలా పేర్లు వంటింటివే. రెసిపీల కూర్పు 'కుక్‌బుక్', కమాండ్ పేరు 'నైఫ్'. వీటిని తెలుగు లిపిలో అలాగే ఉంచండి. నైఫ్‌ను 'కత్తి' చేస్తే కొత్తగా చేరినవారు ఏ కమాండ్ టైపు చేయాలి?

అసలు చూడవలసింది క్రియను. 'రెసిపీ' అంటే లాటిన్‌లో 'తీసుకో' అని, వైద్యుడి చీటీ మొదట్లో రాసే ఆజ్ఞ. మన వంట పుస్తకాల్లోనూ 'వేయించండి, కలపండి' అనే ఉంటుంది. సర్వర్ రెసిపీ తీరు వేరు. 'అపాచీ ప్యాకేజీ ఉండాలి, దాని సర్వీసు నడుస్తూ ఉండాలి' అని కావలసిన స్థితిని చెబుతుంది (అపాచీ అంటే వెబ్‌సైట్లను అందించే సాఫ్ట్‌వేర్). కోడ్‌లో 'ఇన్‌స్టాల్' అనే మాట ఉన్నా, దాని భావం 'లేకపోతే చేర్చు' అనే. కూరలో రెండోసారి ఉప్పు వేస్తే నోట పెట్టలేం. రెసిపీని రెండోసారి నడిపితే మాత్రం, ఉన్నవాటి జోలికి పోదు. అందుకే మీ సూచనల్లో 'చేయండి' కన్నా 'ఉండాలి' సరిపోతుంది.

అరిసెలకు పాకం పట్టేటప్పుడు మా అమ్మ గడియారం చూసేది కాదు. చుక్క పాకం గిన్నెడు నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీసేది. ఉండ కడితే దించేయడమే, జారిపోతే ఇంకాసేపు పొయ్యి మీదే. తీగపాకం, ఉండపాకం అన్నవి స్థితులకు పెట్టిన పేర్లు. ఈ పోలికతో చెబితే కొత్తవారికి విషయం ఇట్టే పట్టుబడుతుంది. అలాగని రెసిపీకి 'పాకం' అని పేరు పెట్టమనను. ఆ మాట వినగానే అందరికీ బెల్లమే గుర్తొస్తుంది.

ఇక 'ప్రతిష్ఠాపన' విగ్రహానికీ ధ్వజస్తంభానికీ తగిన మాట. 'స్థాపన' సంస్థలకు. ఇన్‌స్టాల్ అన్న మాటనే వాడవచ్చు. తెలుగే కావాలంటే 'అమర్చు' ఉంది. గోడకు ఫ్యాను అమర్చినట్టే ఇదీ. సెట్టింగులను ఇప్పటికే 'అమరికలు' అంటున్నాం కాబట్టి ఒకే ధాతువుతో రెండు పనులూ జరుగుతాయి. నేనైతే ఇలా రాస్తాను: 'ఈ రెసిపీని నడిపితే సర్వర్‌లో కావలసిన సాఫ్ట్‌వేర్ అమరుతుంది.'