బుజ్జీ, ఆ మండువా ఇంటికి అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదువు

బుజ్జీ,

అంబాజీపేట వైపు ఏదో మండువా ఇల్లు, అదే నడిమధ్య కప్పు లేకుండా తెరిచుండే పాతకాలం ఇల్లు, చూసొచ్చావంట కదా, పదేళ్ళ నించీ తాళం పడుందంట, వాళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారంట, మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పి ఫొటోలు కూడా పంపింది. ఇల్లు బాగుంది, కాదనను. ఆ స్తంభాలూ ఆ ద్వారబంధం మీద చెక్కుడు పనీ చూస్తే ఎవరికైనా మనసు లాగుద్ది. మీ పెదనాన్నా నేనూ మా అత్తారిల్లు మొదలుపెట్టి చుట్టాలవీ ఊళ్ళోవాళ్ళవీ ఇలాంటి తాళం కప్ప ఇళ్ళు చాలానే తెరిపించి బాగుచేయించాం కాబట్టి నాకు తోచినవి రాస్తున్నా. పెద్దదవుద్ది, తీరిగ్గా చదువుకో.

ముందు కాయితాలు. ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాయితం, తీయించు, 1983 తర్వాతది ఆన్‌లైన్లో వచ్చేస్తది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే అడగాలి. ఊరి మధ్యలో పాత ఇల్లు కదా, గ్రామకంఠం, అంటే ఊళ్ళో ఇళ్ళకని వదిలిన స్థలం, అయ్యుండొచ్చు, అలాంటివాటికి చాలామంది దగ్గర దస్తావేజే ఉండదు, పంచాయతీ పన్ను రశీదూ కరెంటు బిల్లూ చూపించి ఇదే మా హక్కంటారు, అలాంటప్పుడు 22ఎ లిస్టులో, అదే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని ఆస్తుల లిస్టులో, ఉందో లేదో చూడకుండా ముందుకెళ్ళకు. ఇంకోటి, అమ్మేది కొడుకులే అయినా ఆ ఇంటి ఆడపడుచులు ఎంతమంది, ఎక్కడున్నారు, అది అడుగు. పిత్రార్జితం అయితే 2005 నించీ ఆడపిల్లకీ సమాన వాటా, అప్పటికి తండ్రి బతికుండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు అయిపోయుంటే ఆ సంగతి వేరే. "మా చెల్లికి అప్పుడే బంగారం ఇచ్చేశాం అండీ, తనేం అడగదు" అని నవ్వుతూ చెప్తారు. అడగదు సరే, సంతకం పెట్టించమను. అమెరికా వాళ్ళు పవరాఫ్ అటార్నీ పంపుతామంటే అక్కడ మన కాన్సులేటులో చేయించి పంపాలి, ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఇంకా పెరట్లో పాక వేసుకుని ఎవరైనా ఉంటున్నారేమో చూడు, పాపం కాపలాకి పెట్టినవాళ్ళే అయ్యుంటారు, వాళ్ళతో మాట్లాడి ఖాళీ చేయించి ఇవ్వాల్సింది అమ్మేవాళ్ళే, నీ నెత్తి మీదకి తెచ్చుకోకు.

ఇప్పుడు నీళ్ళ సంగతి, అసలు నేను ఈ ఉత్తరం రాసేదే దీనికోసం. మన వైపు ఇల్లు వయసు మీద పడి పాడవ్వదు, నీళ్ళు నిలబడి పాడవుద్ది. ఆ వీధిలో పెద్దవాళ్ళని అడుగు, 86 ఆగస్టు వరదలో ఇక్కడ ఎంత నీరొచ్చిందీ అని. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వెళ్ళిన వరద అది, దాన్ని చూసినవాళ్ళు గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. 2022 జూలైలో ఎలా ఉందో కూడా అడుగు. ఏటిగట్టుకి లోపల లంకలో ఉన్న ఇల్లైతే నేను అసలు కొనొద్దనేదాన్ని, ఇది బయటే అన్నారు కాబట్టి సరే. కానీ గోదారి రాకపోయినా వానకి డ్రెయిన్లు పొంగి ముంచుతాయి, అది వరద కన్నా ఎక్కువసార్లు వస్తది.

ఇంకో సంగతి ఎవరూ చూడరు. వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోతారు, ఇల్లు ఉన్నచోటే ఉంటది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి అరుగు మీదకి వెళ్ళిన ఇంటికి ఇప్పుడు ఒక మెట్టే కనపడతది. నీ ఫొటోలో రెండు మెట్లున్నాయి, కింద ఇంకెన్ని పూడిపోయాయో పక్కింటివాళ్ళని అడుగు. ఎందుకంటే మండువాలో పడ్డ వాన నీళ్ళు తూములోంచి వీధి కాలవలోకి పోవాలి, కాలవ మట్టం పైకొచ్చేసిందా, నీళ్ళు బయటికి పోవడం మానేసి వీధి నీళ్ళే లోపలికొస్తాయి. నువ్వెళ్ళినప్పుడు ఒక బిందెడు నీళ్ళు మండువాలో పోసి చూడు. పోతున్నాయా, అక్కడే నిలబడ్డాయా, ఎంతసేపటికి పోయాయి. అలా మూసుకున్న తూములోంచి ఓసారి రావి వేరు బయటికి లాగారు, నా చెయ్యంత లావుంది, గోడవతల ఎక్కడో చెట్టు, నీళ్ళ కోసం లోపలికొచ్చి తూమంతా జడలా అల్లుకుపోయింది, దాని చుట్టూ కొబ్బరి పీచూ పెంకు ముక్కలూ ఎప్పటిదో పిల్లల గోలీకాయా. అది తీసిన వారానికే ఆ గదుల్లో చెమ్మ వాసన సగం తగ్గింది.

చెక్క చూడ్డానికి ఒక స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళు. స్తంభాలు టేకువి, వాటికి భయం లేదు, మహా అయితే అడుగున రాతి దిమ్మ దగ్గర మెత్తబడుంటాయి. దూలాలు మధ్యలో నున్నగా నిగనిగలాడుతూ ఉంటాయి, అక్కడ చూసి సంతోషపడకు, గోడలోకి దూరిన చోట పొడిచి చూడు, కుళ్ళేది అక్కడే. వాసాలు తాటివి అయ్యుంటాయి, చేవ ఉన్న తాటివాసాన్ని చెదపురుగు ఏం చెయ్యలేదు, చేవలేనిది పైన డొల్లలా ఉండి లోపల మట్టి తప్ప ఏం మిగలదు. 96 నవంబరు తుఫాను తర్వాత హడావుడిగా కప్పిన ఇళ్ళలో పచ్చి చెక్క వేసేసిన చోట్లు చాలా ఉన్నాయి, ఒక వైపు కప్పు కొత్తగా కనిపిస్తే అటువైపే ముందు చూడు.

వెనకాల స్లాబు వేసిన గది ఉంది కదా, మీ అమ్మ "అదొక్కటే గట్టిగా ఉంది అక్కా" అంది. నాకైతే ఆ ఇంట్లో అన్నిటికన్నా అనుమానం దాని మీదే. మన దగ్గర ఉప్పు గాలి, కొన్ని ఊళ్ళల్లో నీళ్ళే ఉప్పన, ఆ నీళ్ళతోనే కాంక్రీటు కలిపేసుంటే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. సీలింగు వైపు చూడు, ఇనప చువ్వ కనపడితే ఆ గది పడగొట్టే ఖర్చు కూడా రేటులో తగ్గించమని అడుగు.

ఇక తెరిచి శుభ్రం చెయ్యడం. మొదటి రోజు చీపురు పట్టుకోవద్దు. తలుపులూ కిటికీలూ అన్నీ తీసేసి ఒక పూటంతా గాలి ఆడనివ్వు, నేల మీద కర్రతో దబదబా కొట్టించు, పాములుంటే కదులుతాయి. కట్లపాము రాత్రి తిరిగేది, కరిస్తే నొప్పి కూడా సరిగ్గా తెలీదు, అందుకే పొద్దున్నే మొదలుపెట్టి చీకటి పడేలోపు పని ఆపెయ్యాలి. ఎవరికైనా కాటు పడితే మంత్రం వేసేవాడి కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి హాస్పిటల్‌కి తీసుకుపోవడమే. కూలీలకి గమ్‌బూట్లు, గ్లవుజులు, మాస్కులు నువ్వే కొనివ్వు, వాళ్ళు "ఎందుకండీ అమ్మగారూ" అంటారు, అన్నా సరే వేయించు. ఎలుక ఉచ్చ తగిలిన తడిలో వట్టి కాళ్ళతో తిరిగితే వచ్చే జ్వరం మామూలుది కాదు. అటక మీద గబ్బిలాల రెట్ట మేటలు వేసుంటది, పొడిదాని మీద చీపురేస్తే ఆ దుమ్ములో ఉన్న బూజు ఊపిరితిత్తుల్లోకి పోద్ది, స్ప్రేయరుతో తడిపి పారతో సంచుల్లోకి ఎత్తించు. పాత తలుపుల ఎనామిలు రంగు గీకేటప్పుడు కూడా అంతే, పాతవాటిలో సీసం ఉంటది, తడిపి గీకాలి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకు. ఆస్‌బెస్టాస్ రేకులుంటే పగలగొట్టనివ్వకు, తడిపి అలాగే దింపించు. పైన తెల్ల మొహం గుడ్లగూబ ఉందనుకో, అదుంటే ఎలుకలుండవు, కూనలు ఎగిరిపోయేదాకా ఉండనియ్. అపశకునం గిపశకునం అని మీ అత్తగారు అంటే నా పేరు చెప్పు.

సామాన్లు ఒక్కరోజులో ట్రాక్టరుకి ఎత్తించకు, ఇదే అందరూ తొందరపడేది. ముందు ఒప్పందంలోనే ఇంట్లో ఉన్న సామాను ఎవరిదో రాయించుకో, గంగాళాలూ ఇత్తడి బిందెలూ భోషాణం ఉన్నాయంటే తర్వాత గొడవలొస్తాయి. ట్రంకు పెట్టెల్లో కాయితాల మూటలు కనపడితే పాత పేపర్ల వాడికి తూకానికి వేసెయ్యొద్దు, ఒక్కో రశీదూ విప్పి చూడు, ఇంటి పాత దస్తావేజు పెళ్ళి శుభలేఖల మధ్యలోనే ఉంటది. ఫొటోలూ పూజ పటాలూ మూట కట్టి వాళ్ళకి కబురు పెట్టు, రానన్నా సరే ఓ ఏడాది దాచు, చాలామంది తర్వాత అడుగుతారు. స్తంభాలు కొంటామని హైదరాబాద్ నించి రిసార్టుల వాళ్ళ మనుషులు వస్తారు, మంచి రేటే చెప్తారు. నువ్వు మాత్రం అమ్మొద్దు. పగిలిన పెంకులు కూడా పారెయ్యకు, గచ్చు కింద వేసుకోవచ్చు. మంచి పెంకుల వెనకాల కంపెనీ అచ్చు ఉంటది చూడు, ఒక అచ్చు పెంకుకీ ఇంకో అచ్చు పెంకుకీ గాడి కలవదు, కాబట్టి అచ్చు ఫొటో తీసుకుని అదే అచ్చుది ఎక్కడైనా పాత ఇల్లు విప్పుతుంటే వెళ్ళి తెచ్చుకో.

వరస ఎప్పుడూ ఒకటే, తూము, కప్పు, తర్వాతే గోడలు. కప్పులో నాలుగు వాలులు కలిసే మూలల్లో జింకు రేకు ఉంటది, కారేది నూటికి తొంభై సార్లు అక్కడే. కొత్త రేకు వేయించి పెంకు సర్దించు, ఇదంతా మృగశిర కార్తె లోపు అయిపోవాలి, తర్వాత వడ్రంగి దొరికినా వాన వదలదు. కోతులు పెంకులు ఎత్తి పడేస్తాయి, మండువా పైన ఇనప మెష్ వేయించుకో, కానీ దోమలనీ వాస్తనీ ఎవరైనా ఫైబరు రేకుతో మూసెయ్యమంటే మాత్రం వినకు, గాలీ వెలుతురూ ఇంటికి అక్కణ్ణించే వస్తాయి.

గోడల దగ్గర మేస్త్రితో నీకు తప్పకుండా పేచీ వస్తది. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు, కింద నించి చెమ్మ లాగుతాయి, సున్నం గార అయితే ఆ చెమ్మ గాలికి ఆరిపోద్ది. మేస్త్రి వచ్చి "పాతదంతా కొట్టేసి సిమెంటు ప్లాస్టింగు చేసేద్దాం, వాటర్‌ప్రూఫ్ కలుపుదాం" అంటాడు. అది చెమట పట్టినవాడికి రెయిన్‌కోటు తొడిగినట్టే, లోపల తడి ఎటూ పోలేక పైపైకి ఎక్కి అక్కడ ఉప్పు కక్కుద్ది, రెండేళ్ళలో పుట్టీ రంగూ పొలుసుల్లా రాలిపోతాయి, మళ్ళీ అతన్నే పిలవాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గోడల్ని ఊరికే వదిలెయ్. ఊడిన చోట మాత్రం సున్నమూ ఇసకా కలిపి పూయించు, పాతకాలంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కూడా పోసేవాళ్ళు, ఆ పని తెలిసిన ముసలి మేస్త్రులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు, వాళ్ళని వెతుకుదాం. పైన గుల్ల సున్నం కొట్టించు చాలు. గోడల్లో మొలిచిన రావి మొక్కల్ని పైపైన కోసేస్తే మళ్ళీ వస్తాయి, వేరుతో సహా తీసి ఆ కన్నం సున్నంతో నింపించాలి. చెదలకి మందు కొట్టించేది గచ్చు వెయ్యకముందే.

కరెంటు వైరింగు పాతది ఒక్క మీటరు కూడా ఉంచకు, దాంట్లో ఆలోచించేదేం లేదు. మీటరు మీద బకాయి ఉందేమో కరెంటాఫీసులో అడిగి అమ్మేవాళ్ళ చేతే కట్టించు.

నుయ్యి పూడిక తీయించేది వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు, అప్పుడు ఊట తగ్గుద్ది, కాలవ వదిలాక ఎంత తోడినా నీళ్ళు తగ్గవు. పాత నూతిలో గాలి చచ్చిపోయుంటది, దీపం దింపి చూస్తాం కదా, ఆరిపోయిందా ఎవర్నీ దింపకు. ఆరకపోయినా నమ్మకు, మోటారుతో నీళ్ళు తోడి, బ్లోయరుతో గాలి కొట్టించి, మనిషి నడుముకి తాడు కట్టి పైన ఇద్దరు పట్టుకున్నాకే దింపాలి. లోపల ఒకడు పడిపోతే వాణ్ణి తియ్యడానికి ఇంకొకణ్ణి అలాగే దింపేస్తారు, ఇద్దరూ పోతారు, పేపర్లో ఏటా చూస్తూనే ఉన్నాం. నూతి పని తెలిసినవాళ్ళు లేకపోతే ఆ ఏడాదికి వదిలెయ్, పైన వల వేసి మూసుకో.

అడ్వాన్సు ఇచ్చేముందు ఇంకోసారి వెళ్ళి చూడు, ఈసారి వాన కురుస్తున్న రోజు చూసుకుని వెళ్ళు. అమ్మేవాళ్ళ మనిషి "రేపు రండి, తడిసిపోతారు" అంటాడు, ఆ రోజే చూడాలి, ఏ వాసం మీంచి చుక్క పడుతుందో, తూము ఎలా లాగుతుందో, వీధి నీళ్ళు ఏ మెట్టు దాకా వస్తున్నాయో అన్నీ ఫోన్లో వీడియో తియ్యి. ముందు రోజు ఫోన్ చేస్తే పెదనాన్న మనకి తెలిసిన వడ్రంగిని తీసుకుని అమలాపురం బస్టాండుకి వస్తారు, నువ్వు ఈసీ జిరాక్సూ, పాత రబ్బరు చెప్పులూ తెచ్చుకో.

ఉంటాను,
పెద్దమ్మ