బరువు, షుగర్ పెరిగితే మైగ్రేన్ ఎక్కువవుతుందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఎత్తు 158 సెం.మీ., బరువు 76 కిలోలు. చాలా ఏళ్లుగా మైగ్రేన్ ఉంది. ఒకప్పుడు నెలకు మూడు నాలుగుసార్లు వచ్చేది. ఏడాది కిందట నెలకు పదిసార్లకు పెరిగింది. అప్పట్నుంచి రోజూ ఫ్లూనరిజిన్ (మైగ్రేన్ నివారణ మందు) వాడుతున్నాను, ఈలోగా 9 కిలోలు పెరిగాను. పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1, పరగడుపు షుగర్ 112, ట్రైగ్లిజరైడ్లు 190, బీపీ 138/88, నడుము చుట్టుకొలత 93 సెం.మీ. ఉన్నాయి. బరువు తగ్గాలని నాలుగు నెలలుగా రాత్రి 8 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా ఏమీ తినడం లేదు. ఇప్పుడు నెలలో 16 రోజులు తలనొప్పే. పారాసిటమాల్, కెఫీన్ కలిసిన మాత్ర కనీసం 12 రోజులు వేసుకుంటున్నాను. షుగర్ తగ్గితే తలనొప్పి తగ్గుతుందా?

జవాబు: షుగర్ ఒక్కటీ తగ్గినంత మాత్రాన తగ్గుతుందని చెప్పలేం. మీ తలనొప్పులు ఇంతగా పెరగడం వెనక కనీసం మూడు విషయాలు కలిసి కనిపిస్తున్నాయి: పెరిగిన బరువు, పొద్దుటి ఉపవాసం, నొప్పి మాత్రలు. ఈ మూడూ సరిదిద్దుకోగలిగినవే.

బరువు మైగ్రేన్‌ను కొత్తగా పుట్టించడం కంటే, ఉన్నదాన్ని తరచూ వచ్చేలా చేయడమే ఎక్కువ. పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు నుంచి వాపును పెంచే రసాయనాలు నిరంతరం రక్తంలోకి వస్తుంటాయి. మైగ్రేన్ నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి వీటివల్ల తేలిగ్గా రెచ్చిపోతుందని భావిస్తున్నాం. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం కూడా మైగ్రేన్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తోంది. అయితే పూర్తిస్థాయి టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో మైగ్రేన్ తక్కువని తేల్చిన పెద్ద అధ్యయనాలూ ఉన్నాయి. అందుకే ‘షుగర్ వల్లే తలనొప్పి’ అనుకోకండి. అలాగని మీ రిపోర్టులను పక్కన పెట్టడానికి లేదు. నడుము (దక్షిణాసియా స్త్రీలకు హద్దు 80 సెం.మీ.), ట్రైగ్లిజరైడ్లు (150), బీపీ (130/85), పరగడుపు షుగర్ (100)... నాలుగూ హద్దు దాటాయి. మూడు దాటినా మెటబాలిక్ సిండ్రోమ్ (మధుమేహం, గుండెజబ్బు ముప్పును పెంచే లక్షణాల కలయిక) అంటాం.

ముందుగా ఆ పదహారు గంటల ఉపవాసం ఆపండి. మైగ్రేన్ ఉన్నవారి మెదడు, తిండి వేళల్లో మార్పును తట్టుకోలేదు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోనక్కర్లేదు, భోజనం ఆలస్యమైతే చాలు, నొప్పి మొదలవుతుంది. లేచిన గంటలోపు తినండి. పగలు నాలుగైదు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండొద్దు. ప్రతి పూటా 20 గ్రాముల మాంసకృత్తులు, పీచు ఉండేలా చూసుకుని, తీపి పానీయాలు, మైదా పదార్థాలు మానేయండి. రోజుకు 400-500 క్యాలరీలు తగ్గిస్తే వారానికి అరకిలో వరకు తగ్గుతారు. మొదటి లక్ష్యం 5 కిలోలు చాలు. బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేస్తే మధుమేహం వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుంది.

మరో మాట. నొప్పికి కొన్ని గంటల ముందు తీపి తినాలనిపించడం చాలామందిలో మైగ్రేన్ మొదటి దశలోనే భాగం. అంటే అప్పటికే అది మొదలైపోయింది. తిన్న చాక్లెట్‌ను తప్పుపట్టి, ఒక్కొక్క పదార్థం మానేస్తూ పోతే మిగిలేది భయమే.

వ్యాయామం వారానికి మూడుసార్లు, 40 నిమిషాలు చేయండి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, తర్వాత 20 నిమిషాలు మాట్లాడగలిగినా పాడలేనంత వేగంతో, చివరి 5 నిమిషాలు మళ్లీ నెమ్మదిగా. ఇలా మూడు నెలలు చేసినవారిలో మైగ్రేన్ తగ్గిన తీరు టోపిరమేట్ అనే నివారణ మాత్రతో దాదాపు సమానంగా ఉందని ఒక పరిశోధనలో తేలింది. ఒక్కసారిగా పరుగు అందుకుంటే మాత్రం ఆ శ్రమే నొప్పి తెప్పించవచ్చు.

ఇక మాత్రలు. కెఫీన్ కలిసిన నొప్పి మాత్రలు నెలకు 10 రోజులు, అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలుకావచ్చు. మీరు ఆ గీత దాటారు. వీటిని ఆపాక మొదటి వారం పది రోజులు నొప్పి పెరగవచ్చు, వికారం ఉండవచ్చు. అది తెలియక చాలామంది మూడో రోజే మళ్లీ మాత్ర అందుకుంటారు. ఆపే తేదీని, అదే సమయంలో మొదలుపెట్టాల్సిన నివారణ మందును మీ న్యూరాలజిస్టుతో కలిసి ముందే నిర్ణయించుకోండి. ఆ తర్వాత ఏ నొప్పి మాత్రయినా వారానికి రెండు రోజులు దాటనివ్వకండి. కాఫీ, టీ రోజుకు రెండు కప్పులు మించకుండా, రోజూ ఒకే వేళకు తాగండి.

ఫ్లూనరిజిన్ ఆకలిని, బరువును పెంచుతుంది. సాధారణంగా ఆరు నెలలకు మించి ఆపకుండా వాడించం. ఎక్కువకాలం వాడితే దిగులు, చేతుల వణుకు రావచ్చు. ఏడాది వాడినా ఫలితం లేదు కాబట్టి మార్చమని అడగండి. మైగ్రేన్ నివారణకు వాడే అమిట్రిప్టిలిన్, వాల్‌ప్రోయేట్ కూడా బరువు పెంచేవే. మీకు బీపీ కూడా ఉన్నందున కాండెసార్టన్ అనే బీపీ మందు గురించి అడగండి. అది బీపీకి, మైగ్రేన్‌కు రెంటికీ పనికొస్తుంది, కిడ్నీ, పొటాషియం పరీక్షలు చూసి మొదలుపెడతారు. టోపిరమేట్ బరువు తగ్గిస్తుంది కానీ వేళ్లు తిమ్మిరెక్కడం, మాట తడుముకోవడం, కిడ్నీలో రాళ్లు ఉండవచ్చు. గర్భం దాల్చే అవకాశం ఉంటే కాండెసార్టన్, టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ మూడూ బిడ్డకు హానికరం. ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఏ మందైనా తగిన మోతాదుకు చేరాక 8-12 వారాలు చూడనిదే పనిచేయలేదని అనుకోవద్దు. బరువు తగ్గించే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు మైగ్రేన్‌ను తగ్గించవచ్చని చిన్న పరిశీలనలు చెబుతున్నాయి, కానీ తలనొప్పి కోసమే వాటిని రాసే దశ ఇంకా రాలేదు.

మందు మార్చడానికి ముందే కంటి వైద్యుడి దగ్గర కంటి వెనక నరం పరీక్ష (ఫండస్) చేయించుకోండి. మీ వయసు స్త్రీలలో బరువు వేగంగా పెరిగినప్పుడు మెదడు చుట్టూ ద్రవపీడనం పెరిగి, అచ్చం మైగ్రేన్‌లాగే కనిపించవచ్చు. వంగినప్పుడు చూపు క్షణకాలం మసకబారడం, చెవిలో గుండె చప్పుడు వినిపించడం, ఒకటి రెండుగా కనిపించడం దాని గుర్తులు. ఆలస్యమైతే చూపు పోవచ్చు. పెద్దగా గురక పెడుతూ పొద్దున్నే తలనొప్పితో లేస్తుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో పరీక్షించాలి.

నొప్పికి ముందు కళ్లముందు మెరుపు గీతలు కనిపించే రకం మైగ్రేన్ అయితే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, పొగ తాగడం పక్షవాతం ముప్పును పెంచుతాయి. వాటికి దూరంగా ఉండండి. క్షణాల్లో భరించలేనంతగా పెరిగే నొప్పి, మాట తడబడటం, ఒకవైపు బలహీనత, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మూర్ఛ... వీటిలో ఏది కనిపించినా మైగ్రేనే కదా అని ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.