బయోఫిజికల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తే బయోటెక్‌లో ఉద్యోగాలు ఉంటాయా?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నానని, ఫిజికల్ కెమిస్ట్రీ ఇష్టమని, ఇంట్లో మాత్రం ఆర్గానిక్ చేస్తేనే ఉద్యోగం అంటున్నారని రాశారు. బయోఫిజికల్ వైపు వెళ్లినా ఉద్యోగం ఉంటుంది. నేను వచ్చింది ఆ దారిలోనే. ప్రొటీన్ల స్థిరత్వం మీద పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక బయోసిమిలర్ (అసలు బయోటెక్ మందును పోలిన మందు) కంపెనీలో, మందు అణువును కొలిచి పోల్చే క్యారెక్టరైజేషన్ టీమ్‌లో పనిచేస్తున్నాను.

మీ ఇంట్లో వాళ్లు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. మాత్రల్లోకి వెళ్లే మందులు తయారు చేసే కంపెనీలు మన దగ్గర ఎక్కువ, వాటికి ఆర్గానిక్ వాళ్లే కావాలి. యాంటీబాడీ మందుల దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఆస్పిరిన్ అణుభారం 180. యాంటీబాడీది దాదాపు 1,50,000. ఆస్పిరిన్ ఎవరు చేసినా అదే అణువు. యాంటీబాడీని మాత్రం జీవకణాలు తయారు చేస్తాయి కాబట్టి అమైనో ఆమ్లాల వరుస ఒకటే అయినా, దానికి అంటుకునే చక్కెరలు బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ కొంత మారతాయి. మడతలోనూ తేడా రావచ్చు. మన మందు అసలు మందులాగే ఉందని చూపించడానికి సర్క్యులర్ డైక్రోయిజం (మడత ఆకారం చూసేది), డీఎస్సీ (ఏ వేడికి మడత విడిపోతుందో కొలిచేది), ఎస్పీఆర్ (లక్ష్యానికి ఎంత గట్టిగా అతుక్కుంటుందో కొలిచేది), మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణుభారం కొలిచేది) డేటా కావాలి. బయోకాన్, మైలాన్ కలిసి చేసిన, రొమ్ము క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీ మందు ట్రాస్టుజుమాబ్‌కు 2017 డిసెంబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది. అలాంటి అనుమతులకు పునాది ఈ పోలిక డేటానే.

మా పనిలో పెద్ద టెన్షన్ ప్రొటీన్ ముద్దకట్టడం. ప్రొటీన్ మడత నిలబడి ఉండేది సాధారణంగా మోలుకు 5 నుంచి 15 కిలోక్యాలరీల తేడా మీదే. వేడి తగిలినా, సీసాను కుదిపినా, గడ్డకట్టించి కరిగించినా లోపల దాగి ఉన్న, నీటిని ఇష్టపడని భాగాలు బయటపడి ఒకదానికొకటి అంటుకుంటాయి. అలాంటి ముద్దలు రోగి శరీరంలోకి వెళితే ఆ మందు మీదే రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ప్రమాదం ఉంది. ఏ పీహెచ్‌లో ఉంచాలి, ఏ చక్కెర కలపాలి, ముద్దకట్టకుండా ఆపే పాలీసోర్బేట్ ఎంత వేయాలి అన్నవి తేల్చేటప్పుడు మీకు ఇష్టమైన థర్మోడైనమిక్స్ రోజూ పనికొస్తుంది.

ఎమ్మెస్సీతోనే చేరితే ఎక్కువగా క్యూసీలో (నాణ్యత తనిఖీ విభాగం) రొటీన్ పరీక్షలు చేయాల్సి వస్తుంది. ఫార్ములేషన్ (మందులో ఏమేం కలపాలి అన్న) నిర్ణయాలు తీసుకునే చోటికి చేరడానికి పీహెచ్‌డీ బాగా ఉపయోగపడుతుంది. బెంగళూరు ఐఐఎస్సీలో జి.ఎన్. రామచంద్రన్ మొదలుపెట్టిన మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్, ఎన్‌సీబీఎస్, ముంబైలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న టీఐఎఫ్ఆర్, సీసీఎంబీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. సీఎస్ఐఆర్ నెట్‌కు కెమికల్ సైన్సెస్‌లోనే రాయొచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, పైన హెచ్ఆర్ఏ. డబ్బు ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. అమెరికా వెళ్లాలనుకుంటే అప్పు చేసి ఎంఎస్‌కు వెళ్లేకంటే నేరుగా పీహెచ్‌డీకే అప్లై చేయమంటాను. అక్కడ సైన్స్ పీహెచ్‌డీలో సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు.

సంస్థ పేరు కంటే ల్యాబ్ ముఖ్యం. మీ ప్రొటీన్‌ను మీరే బ్యాక్టీరియాలో తయారు చేసి, శుద్ధి చేసి, కొలిచే ల్యాబ్‌లో చేరండి. పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో అక్కడి సీనియర్లనే అడగండి. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు యాంటీబాడీ డీఎస్సీ గ్రాఫ్ ఒకటి ముందు పెడతాను. మొదటి శిఖరం ఏ డొమైన్‌ది (ప్రొటీన్‌లో విడిగా మడతపడే భాగాన్ని డొమైన్ అంటారు), బఫర్ మారిస్తే అది ఎటు జరుగుతుంది అని అడుగుతాను. మెషిన్ నడపడం మేం నేర్పుతాం. గ్రాఫ్ చూసి ఆలోచించడం మాత్రం ల్యాబ్‌లో ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది.

ఈ పని మీకు సరిపడుతుందో లేదో ముందే చూసుకోవాలంటే, కాలేజీలో ఫ్లోరిమీటర్ (ఫ్లోరోసెన్స్ కొలిచే యంత్రం) ఉంటే చాలు. కోడిగుడ్డు లైసోజైమ్ చవగ్గా దొరుకుతుంది. ప్రొటీన్ మడతను విప్పే గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్ గాఢత కొంచెం కొంచెం పెంచుతూ ట్రిప్టోఫాన్ ఫ్లోరోసెన్స్ కొలవండి. యూరియా వద్దు, లైసోజైమ్ దానికి అంత తేలిగ్గా విడిపోదు. వచ్చిన కర్వ్ నుంచి ఫ్రీ ఎనర్జీ లెక్కకట్టి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.