రాములోరి కోవెలకి 16 లక్షలు

ప్రశ్న: మాది టెక్కలి వైపు, వంశధార ఎడమ కాలువ శివారు ఊరు. పోయినసారి పెద్దలు రామకోవెల దగ్గర సర్పంచ్ పదవికి వేలం పాట పెట్టారు. 16 లక్షలకి పాడినాయన్ని ఏకగ్రీవం చేసి, ఆ డబ్బు కోవెల కట్టడానికి అన్నారు. ఈసారీ అలాగే చేస్తారట. సీటు బీసీ మహిళకి వస్తే నామినేషన్ వేద్దామని నాకుంది. పదో తరగతి చదివాను. తొమ్మిదేళ్లుగా మా డ్వాక్రా సంఘం లెక్కలు నేనే రాస్తున్నాను. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తారు. 'ఊరి కట్టు దాటితే తప్పు (జరిమానా) కట్టాలి' అని పెద్దలు మా మామగారితో అన్నారట. ఒకటే టెన్షన్‌గా ఉంది. కోవెల కట్టడం తప్పంటారా?
- పేరు రాయొద్దన్న పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, కోవెల కట్టడం తప్పెందుకవుతుంది? నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్పై ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా తిరిగినవాణ్ణి. చెరువులో చేపల పాటకి రశీదు రాశాను, చింతచెట్ల పాటకి రాశాను. పదవి పాటకి మాత్రం రశీదు రాయమని నన్నెవరూ అడగలేదు. ఎందుకడగలేదో మీ ఊరి పెద్దలకీ తెలుసు.

మీకు లెక్కలు వచ్చు కాబట్టి లెక్కే చెప్తాను. 2021లో గెలిచిన సర్పంచులకి గౌరవవేతనం నెలకి 3,000 రూపాయలు. ఐదేళ్లకి 1,80,000. పదహారు లక్షలు పెట్టినాయనకి ఇంకా 14,20,000 తేడా ఉంది. 'ఆయనకి ఆస్తుంది, పేరు కోసం ఇచ్చాడు' అంటారు. అలాంటివాళ్లని ఒకరిద్దర్ని నేనూ చూశాను, కాదనను. మిగతావాళ్లు ఆ తేడాని సిమెంటు రోడ్డు బిల్లులోనో, కాలవ పూడిక బిల్లులోనో వెతుక్కున్నారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య పంచాయతీలకి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని షరతు. అంటే ఎక్కువ డబ్బు ఉండేది అక్కడే, నొక్కేయాలన్నా చెయ్యి పడేది అక్కడే. పైపులు, బోరు మోటారు, బ్లీచింగు.

ఒక ఊళ్లో, పేరెందుకు లెండి, నీళ్ల ట్యాంకు రెండేళ్లు కడగలేదు. కడిగించినట్టు, బ్లీచింగు కొన్నట్టు వోచర్లు మాత్రం నెలనెలా ఉన్నాయి. సర్పంచ్ సంతకం పక్కన ఉన్న సంతకం నాదే. ఆ వానాకాలం ఒక్క వీధిలోనే పదకొండు మంది వాంతులు, విరేచనాలతో పడ్డారు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే ఒక ముసలమ్మ, 'బాబూ, నీళ్లు వాసనొస్తున్నాయని నీకే కదా చెప్పాను' అంది. చెప్పింది. ఆ ఊరి సర్పంచ్ కూడా పాటలో గెలిచినాయనే.

ప్రభుత్వమే ఏకగ్రీవాలకి డబ్బిస్తోంది కదా అని పెద్దలు అంటారు చూడండి. 2021లో రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు ప్రకటించిన మాట నిజమే. అది మాట కలిసిన ఊరికమ్మా. పాట పాడిన ఊరికి కాదు.

ఇక మీ సంగతి. ఊరి కట్టు చట్టం ముందు నిలవదు. 21 ఏళ్లు నిండి, పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండి, రిజర్వేషన్ సరిపోయి, మిమ్మల్ని ప్రతిపాదించడానికి ఒక ఓటరు ముందుకొస్తే మీ నామినేషన్ని ఏ రచ్చబండా ఆపలేదు. ఇంటిపన్ను బాకీ ఉంటే మాత్రం ఇప్పుడే కట్టి రశీదు దాచుకోండి. చాలామంది అక్కడే దొరికిపోతారు. కుల ధ్రువపత్రం కూడా ముందే తీసుకోండి, ఆఖరి రోజున సచివాలయంలో సర్వర్ పనిచేయదు. ఎప్పుడూ అంతే. తప్పు కట్టమని ఎవరైనా బెదిరిస్తే నోటితో తగువు పడకండి. ఎంపీడీఓకి, కలెక్టరుకి కాగితం రాసి, మీ దగ్గరుండే నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఒక కాపీ రాష్ట్ర ఎన్నికల సంఘానికి పోస్టు చెయ్యండి.

సర్పంచ్ సీటు మీకు రాకపోతే వార్డుకైనా వెయ్యండి. వార్డు సభ్యురాలు సమావేశంలో వోచరు చూపించమని అడిగితే మాలాంటి కార్యదర్శులకి చెమట పడుతుంది, అనుభవంతో చెప్తున్నాను. మీ ఆయన లాంటివాళ్లంతా వలసపోయాక ఊళ్లో ఉండి ఓటేసేది ఎవరో మీ సంఘం మీటింగులో ఒకసారి లెక్కపెట్టుకోండి.

మామగారితో మాత్రం ముందు మీరే చెప్పండి. ఈ కబురు ఆయన రచ్చబండ దగ్గర వినకూడదు.

అన్నట్టు, ఆ 16 లక్షలతో కోవెల పూర్తయిందా? ఆ ముక్క మీరు రాయలేదు.