పిల్లలున్న ఇంట్లో రాట్‌వీలర్ పెంచొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది తెనాలి దగ్గర ఊరండీ, ఇల్లు ఊరి చివర తోటలో ఉంటుంది, మా ఆయన ఉద్యోగం పని మీద నెలలో 20 రోజులు బయటే. ఇంట్లో నేను, మా అత్తయ్య, నాలుగేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప. పోయిన నెల పక్క తోటలో మోటారు వైరు కోసుకుపోయారు, అప్పట్నుంచి రాత్రిళ్లు నిద్ర పట్టక కాపలాకి రాట్‌వీలర్ కుక్కపిల్లని తెచ్చుకుందామనుకుంటున్నాం. అమ్మేవాళ్లు 35 రోజుల పిల్ల ఉంది తీస్కెళ్లండి అంటున్నారు. ఎవరికీ అలవాటు చెయ్యకుండా గొలుసుతో కట్టేసి పచ్చి మాంసంలో కారం కలిపి పెడితేనే పౌరుషం వస్తుందని బంధువులు చెప్తున్నారు. నిజమేనా? పిల్లలకి ఏం కాదు కదా?

జవాబు: అమ్మా, ముందు ఆ కారం మాట మర్చిపోండి. కారంతో వచ్చేది కడుపులో మంట, విరేచనాలు, అంతే. ఇక కట్టేసి మనిషి మొహం చూపించకుండా పెంచిన కుక్క అందరికీ భయపడుతుంది, భయపడే కుక్కకి గోడ దూకిన దొంగా ఒకటే, బంతి కోసం పరిగెత్తుకొచ్చిన మీ బాబూ ఒకటే. ఇంట్లోవాళ్లనే కరిచిందని నా దగ్గరికి తీసుకొచ్చిన పెద్ద కుక్కల్లో చాలా వరకు ఇలా పెరిగినవే, వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రాట్‌వీలర్‌కి కాపలా మనం నేర్పక్కర్లేదమ్మా. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊరి కసాయివాళ్లు పశువుల్ని తోలడానికి, బండి లాగడానికి, కాపలాకి వాడుకున్న జాతి అది, రెండేళ్లు వచ్చేసరికి ఇల్లు నాది అన్న పట్టు దానంతటదే వస్తుంది. మీరు నేర్పాల్సిందల్లా ఎవరు రోజూ వచ్చిపోయేవాళ్లో, మీరు సరే అన్నాక ఎలా ఊరుకోవాలో.

మా ఇంట్లో ఆడ రాట్‌వీలర్ ఉంది. తెల్లారుజామున పాలబ్బాయి సైకిల్ బెల్ వినపడగానే గుమ్మం పక్కన గోనెపట్టా మీంచి లేచి గేటు దాకా వెళ్లి ఒక్కసారి మొరిగి, వెనక్కి తిరిగి నా మొహం చూస్తుంది. నేను "సరేలే రా" అంటే వచ్చి మళ్లీ పట్టా మీద పడుకుంటుంది. ఆ ఒక్క చూపు కోసం ఏడాది పట్టింది నాకు, బెల్ మోగినప్పుడల్లా పట్టా మీదకి పిలవడం, కూర్చుంటే ఉడికించిన చికెన్ ముక్క పెట్టడం, రోజూ అదే పని.

35 రోజుల పిల్ల మాత్రం వద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనల్లోనే ఉంది. తల్లి దగ్గరున్నప్పుడు తోటి కుక్కపిల్లల్ని గట్టిగా కొరికితే అవి కుయ్యిమని ఆట ఆపేస్తాయి చూడండి, పళ్లు ఎంత ఆనించాలో అక్కడే తెలుస్తుంది దానికి. తల్లి కుక్కని చూడకుండా కొనకండి, తుంటి కీలు బాగుందో లేదో దానికి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. ఆడ కుక్కపిల్లనే తీసుకోండి, పెద్దయ్యాక 40 కిలోల చుట్టూ ఉంటుంది, మగది 50 దాటితే మీరొక్కరే పట్టుకోలేరు. తెచ్చాక మొదటి ఆరేడు వారాలు చాలా ముఖ్యం, టీకాలు పూర్తయ్యేదాకా నేలమీద వదలకుండా ఎత్తుకునైనా సరే హెల్మెట్ మనిషిని, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాళ్లని, కర్ర పట్టుకున్న తాతగార్ని, ట్రాక్టర్‌ని, అన్నీ చూపించండి.

పిల్లల సంగతికొస్తే, అది తింటుంటే గిన్నె లాక్కోకండి, పెద్దవాళ్లే పక్కనుంచి వెళ్తూ ఇంకో ముక్క గిన్నెలో వేసి వెళ్లిపోవాలి, మనిషి దగ్గరికొస్తే ఏదో వస్తుందే తప్ప పోదని దానికి అర్థం కావాలి. బాబుని దానితో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు, అది ఎంత మంచిదైనా సరే. రెండు నెలల కుక్కపిల్ల మన మీదకి ఎగిరితే ముద్దుగా ఉంటుంది, ఏడాది తర్వాత అదే ఎగిరితే మీ అత్తయ్యగారు కిందపడి తుంటి విరుగుతుంది, కాబట్టి నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే నిమరండి.

ఇంకో మాట, ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్ పట్టకండి, పెద్ద జాతి కుక్కపిల్లల్లో ఎక్కువైన కాల్షియం వల్లే కాళ్లు వంకర పోతాయి. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం చేసిన తిండి పెట్టండి, నున్నటి టైల్స్ మీద జారకుండా చాపలు పరచండి. ఎండాకాలం నడక తెల్లారకముందే. తిన్న వెంటనే పరిగెత్తించొద్దు, కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తండి, గంటల్లో ప్రాణం పోతుంది.

ఇదంతా పొద్దునో గంట సాయంత్రం ఇంకో గంట పనమ్మా, ఆయన ఊళ్లో లేనప్పుడు మీదే. కుదరదనిపిస్తే మొహమాటం లేకుండా మానుకోండి, రెండు నాటు కుక్కపిల్లల్ని చేరదీసి గేటు దగ్గర మంచి లైటు పెట్టుకోండి, మీ భయానికి ఆ అరుపు చాలు.

ప్రశ్న: మాది హైదరాబాద్. రాట్‌వీలర్‌ని ప్రభుత్వం బ్యాన్ చేసిందంటున్నారు, మా రెండేళ్ల కుక్కని ఏం చెయ్యాలి సార్?

జవాబు: ఏం చెయ్యక్కర్లేదు బాబూ, భద్రంగా చూసుకోండి. 2024 మార్చిలో 23 జాతుల్ని నిషేధించమని కేంద్రం రాష్ట్రాలకి లేఖ రాసిన మాట నిజమే, కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేశాయి. కార్పొరేషన్ లైసెన్స్, ఏటా రేబిస్ టీకా కాగితం మాత్రం దగ్గరుంచుకోండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా హాని చేస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లిఫ్ట్‌లో పిల్లలెవరైనా ఉంటే ఎక్కకండి, తర్వాతది వచ్చేదాకా ఆగండి.