ఒక మీట, రెండు లిపులు

ప్రశ్న: పర్లాకిమిడిలో తెలుగు చెబుతున్నాను. వయసు 53. ఆగస్టు 29న పిల్లలకు గిడుగు రామమూర్తి గారి గురించి చూపిద్దామని డీటీపీ కొట్టులో నాలుగు పేజీలు టైపు చేయించి పెన్‌డ్రైవులో తెచ్చాను. స్మార్ట్ బోర్డు మీద తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు! పిల్లలు ఒకటే నవ్వు. బోర్డు పాడైందా, తప్పు నాదా? రోజూ ఒడియాలోనూ ఏదో ఒకటి రాయాల్సిన ఉద్యోగం. ఈ వయసులో రెండు టైపులు నేర్చుకోగలనా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: బోర్డుదీ కాదమ్మా, మీదీ కాదు. కొట్టువారు పాత పద్ధతి ఫాంటులో కొట్టి ఇచ్చి ఉంటారు. అందులో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వేషం ఊడిపోతుంది. తక్షణం కావాలంటే కొట్టులోనే పీడీఎఫ్ చేయించుకోండి, అక్షరాలు చెదరవు. కానీ ప్రతి పాఠానికీ కొట్టు మెట్లెక్కుతారా? యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో, మీరే టైపు చేసుకోండి.

నా సంగతి చెబుతాను. బరంపురంలో మా బడికి తెర వచ్చిన వారం, అలవాటు కొద్దీ సుద్దముక్కతో దాని మీద తేదీ వేయబోయాను. వెనక బెంచీ కుర్రవాడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తరగతిలో అల్లరికి పేరుపడ్డవాడు. ఆ ఏడాదంతా నాకు గురువు వాడే. తీగ ఎక్కడ గుచ్చాలో, తెర ఎందుకు నల్లబడిందో వాణ్నే అడిగేదాన్ని. సిగ్గు రెండు రోజులకు పోయింది.

ఇక టైపు. మీరు రెండు నేర్చుకోనక్కర్లేదు. విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో మన లిపులన్నిటికీ అమరిక ఒక్కటే. తెలుగులో ‘క’ పడే మీటకే ఒడియాలోనూ ‘క’ పడుతుంది. సెట్టింగులలో రెండు భాషలూ ఒకసారి చేర్చుకుంటే, విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కి అటూ ఇటూ మారవచ్చు. సరిహద్దులో ఉద్యోగం చేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి! హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు, గుణింతాలు ఎడమచేతి వైపు ఉంటాయి. ‘గిడుగు’ అని కొట్టి చూడండి: గ కుడి, గుడి ఎడమ, డ కుడి, కొమ్ము ఎడమ, మళ్లీ గ కుడి, కొమ్ము ఎడమ. చెక్కభజన చేసినట్టు చేతులు వంతులవారీగా పడతాయి. ఒత్తులే కాస్త ఏడిపిస్తాయి. ముందు హల్లు, ఆ తరువాత పొల్లు, ఆ పైన రెండో హల్లు. నాకైతే రోజుకు అరగంట చొప్పున నెల పట్టింది.

మీ ఊళ్లోనే పంతులు ఉద్యోగం చేస్తూ గిడుగు వారు సవర భాష నేర్చుకున్నారు కదా, మీటలకు జంకుతారా మీరు?

ఆ నాలుగు పేజీల ఫైలు మాత్రం పారేయకండి. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. అయితే ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని దిద్దుకోండి.