‘సిస్టమ్ స్లో సార్’ అనే ముందు ఆ ఫైల్లో ఏముందో చూడమ్మా

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నంలో కూర్మన్నపాలెం. డిప్లొమా మెకానికల్ పూర్తి చేసి, నాలుగు నెలలుగా ఆటోనగర్‌లో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో ట్రైనీగా చేస్తున్నాను. ఎక్కువగా పైపింగ్ లేఅవుట్లే. నాకిచ్చే ఆటోకాడ్ (కంప్యూటర్లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు తెరుచుకోవడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతోంది. ఒక్కోసారి తెర తెల్లబడిపోయి ‘నాట్ రెస్పాండింగ్’ అని ఉండిపోతుంది. ‘రోజుకి రెండు షీట్లు కూడా అవట్లేదు, ఈ పని నీకు సరిపడదేమో’ అని మా సార్ అందరి ముందూ అనేశారు. నాన్నగారు అప్పు చేసైనా లక్షా పదివేలు పెట్టి ల్యాప్‌టాప్ కొంటానంటున్నారు. అక్కేమో ఇది మానేసి ద్వారకానగర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరమంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ల్యాప్‌టాప్ సంగతి తేల్చేద్దామమ్మా. నాన్నగారిని అప్పు చేయొద్దని చెప్పు. ఆఫీసు లైసెన్సు నీ సొంత ల్యాప్‌టాప్‌లో వేసుకోనివ్వరు. క్లయింటు డ్రాయింగులు ఇంటికి పట్టుకెళ్లనివ్వరు, పట్టుకెళ్లకూడదు కూడా. ఇక ఆ మెషిన్ ఎందుకు? పైగా రోగం ఫైల్లో ఉంటే, ఎంత ఖరీదైన మెషిన్ మీదైనా ఆ ఫైలు రోగంతోనే తెరుచుకుంటుంది.

కోర్సు సంగతి చివర్లో చెబుతాను. నీ ఉత్తరంలో లేని ముక్క ఒకటుంది, నాకు కావలసింది అదే. తొమ్మిది నిమిషాలు పడుతోందని రాశావు గానీ, ఆ తొమ్మిది నిమిషాలూ ఆటోకాడ్ ఏం చేస్తోందో రాయలేదు. నిన్ను తప్పుపట్టడం లేదు. మన ఆఫీసుల్లో పదిహేనేళ్ల సర్వీసున్నవాళ్లు కూడా ‘సిస్టమ్ స్లో సార్’ అనేసి టీకి వెళ్లిపోతారు. డాక్టరు దగ్గరికి వెళ్లి ‘ఒంట్లో బాలేదు’ అని ఊరుకున్నట్టే అది. ఎక్కడ బాలేదో చెప్పాలి కదా.

ఎలా చూడాలో చెబుతాను. ఒక నోట్‌బుక్కు, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ముందు ఖాళీ డ్రాయింగ్ ఒకటి తెరువు. అదీ నిమిషాలు తీసుకుంటే నీ ఫైలు జోలికే వెళ్లనక్కర్లేదు, గొడవ ఆటోకాడ్ మొదలయ్యే తీరులో ఉంది. ఎవరో ఎప్పుడో పెట్టిన లిస్ప్ ప్రోగ్రాములు, అంటే ఆటోకాడ్‌లో అదనపు పనుల కోసం రాసుకునే చిన్న ప్రోగ్రాములు, ప్రతి డ్రాయింగుతోనూ లోడవుతుండొచ్చు, యాంటీవైరస్ అడ్డం పడుతుండొచ్చు. ఖాళీది టక్కున తెరుచుకుంటే, సర్వర్లో ఉన్న నీ ఫైలును డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి అక్కణ్నుంచి తెరువు. ఇక్కడ ఒక చిక్కుంది. డెస్క్‌టాప్ మీద ఫైలు చకచకా తెరుచుకుంటే ‘ఓహో, నెట్‌వర్క్ స్లో’ అనేయాలనిపిస్తుంది. తొందరపడకు. కాపీ చేసినప్పుడు ఆ ఫైలుకు తగిలించి ఉన్న ఎక్స్‌రెఫ్‌లు, అంటే బయటి డ్రాయింగులు, వెనకే వచ్చి ఉండకపోవచ్చు. అవి లేకపోవడం వల్లే తేలికైందేమో! కాబట్టి ఆ ఎక్స్‌రెఫ్‌లన్నీ కూడా పక్కన పెట్టుకుని ఇంకోసారి తెరిచి చూడాలి. ఆ రెండు టైముల మధ్య తేడా చూస్తే తప్పు నెట్‌వర్క్ దారిదా, ఎక్స్‌రెఫ్‌లదా అన్నది తెలుస్తుంది.

ఫైలు తెరుచుకుంటున్నప్పుడు కింద కమాండ్ లైన్ మీద కన్నేసి ఉంచు. ‘రిజాల్వ్ ఎక్స్‌రెఫ్’ అని ఒక్కో ఫైలు పేరూ, అది ఉన్న ఫోల్డరు పేరూ పడుతుంటాయి. ఫైలు తెరుచుకున్నాక ఎఫ్2 నొక్కితే అవన్నీ వరసగా కనిపిస్తాయి. ఏ పేరు దగ్గర లైను కదలకుండా నిలబడిపోయిందో, అక్కడ నీ దొంగ దొరికినట్టే. చాలాసార్లు అది రెండేళ్ల కిందట తీసేసిన సర్వర్లోని ఫోల్డరో, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినాయన కంప్యూటరో అయి ఉంటుంది. ఆ అడ్రసులో ఎవరూ లేరని తేలేదాకా విండోస్ తలుపు కొడుతూనే ఉంటుంది. పేజ్ సెటప్‌లో ఎప్పుడో తీసేసిన నెట్‌వర్క్ ప్లాటర్ (పెద్ద షీట్లు ప్రింట్ చేసే మెషిన్) పేరు మిగిలిపోయినా ఇదే తంతు. అలాంటి చోట నీ డ్రాయింగులో గీత కూడా ముట్టుకోకుండా, ఆ దారిని సరిచేస్తే సరిపోతుంది.

టాస్క్ మేనేజర్ కూడా తెరిచి పెట్టుకో. డిస్క్ వంద శాతం దగ్గరే ఉండి, నీది పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే, ఎస్‌ఎస్‌డీ వేయించమని అడగడానికి అది మంచి కారణం. ఎస్‌ఎస్‌డీ ఖర్చు వేలల్లో తేలిపోతుంది, లక్షలక్కర్లేదు. ర్యామ్ నిండిపోతే అదీ కనిపిస్తుంది. సీపీయూ దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. పన్నెండు శాతం అని చూసి ‘మెషిన్ ఖాళీగానే ఉందిగా’ అంటారు. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న మెషిన్‌లో ఒక్కటే పూర్తిగా పనిలో మునిగితే కనిపించేది పన్నెండున్నర శాతమే. ఆటోకాడ్ మొదటి వెర్షన్ వచ్చింది 1982 డిసెంబరులో. ఈరోజుకీ దాని పనిలో చాలా భాగం ఒక్క కోర్ మీదే నడుస్తుంది. ఎనిమిది మంది ఉన్నా ఒక్కడే మోస్తున్నాడన్నమాట. టూడీ డ్రాయింగులకి కోర్లు ఎన్నున్నాయన్నదాని కన్నా ఒక్కో కోర్ ఎంత వేగమన్నదే ముఖ్యం. షాపువాడు చూపించే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఫైలు తెరవడానికి పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు.

ఇక ఫైలు సంగతి. నీ పని పైపింగ్ అన్నావు కాబట్టి నా అనుమానం ఎక్కువగా ఇటే. నేను డ్రాఫ్టింగ్‌లో ఉన్న రోజుల్లో ఒక లేఅవుట్ షీటు చేతికొచ్చింది. తెర మీద చూస్తే ఒక పంపు, నాలుగు లైన్లు, ఒక టైటిల్ బ్లాక్. ఫైలు సైజు చూస్తే అరవై ఎంబీ! గీతలన్నీ చెరిపేసి సేవ్ చేసినా అరవైలోనే ఉంది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తేలిందేంటంటే, మైక్రోస్టేషన్ అనే ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన వెండర్ డ్రాయింగు ఒకటి ఎవరో అందులోకి తెచ్చారు. దాని వెంట డీజీఎన్ (మైక్రోస్టేషన్ ఫైలు రకం) లైన్‌టైపుల, అంటే గీతల రకాల, చెత్త వచ్చి చేరింది. అది కంటికి కనబడదు. ఆ ఫైల్లోంచి ఒక్క వాల్వ్ కాపీ చేసి ఇంకో ఫైల్లో పేస్ట్ చేస్తే దాంతోపాటే అక్కడికీ వెళ్తుంది. అలా మా ఆఫీసులో సగం ఫైళ్లకు అంటుకుంది. అంటించినవాళ్లలో నేనూ ఉన్నాను. ‘పాత ఫైల్లోంచి తెచ్చి అతికించేయ్, టైమ్ కలిసొస్తుంది’ అని నాకు నేర్పినవాళ్లెవరూ ఈ సంగతి చెప్పలేదు.

నువ్వూ అలాగే పాత షీట్లలోంచి కాపీ పేస్ట్ చేస్తున్నావేమో చూసుకో. అలా చేస్తుంటే మీ సార్ మాటలో పిసరంత నిజమున్నట్టే. కోపం తెచ్చుకోకు.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. ఒరిజినల్ మీద మాత్రం చేయకు, కాపీ మీదే చెయ్యి. ఈ మాట మూడుసార్లు చెప్పినట్టు లెక్కేసుకో. ముందు ఆడిట్ అనే కమాండ్ పెట్టి ఫైల్లోని తప్పులు సరిచేయించు. తర్వాత పర్జ్ అనే కమాండ్. వాడని బ్లాకులు (ఒకే బొమ్మగా కట్టిన గీతల గుత్తులు), లేయర్లు, లైన్‌టైపులు పోతాయి. ఒక బ్లాకులో ఇంకో బ్లాకు దాక్కుని ఉంటుంది కాబట్టి, తీసేయడానికి ఏమీ మిగలనంతవరకూ మళ్లీ మళ్లీ నడపాలి. ఆ తర్వాత పర్జ్ ముందు ఒక డ్యాష్ పెట్టి టైప్ చేస్తే డైలాగ్ బాక్స్ రాకుండా కమాండ్ లైన్లోనే అడుగుతుంది. అందులో రెగ్‌యాప్స్ అనేది ఎంచుకో. రకరకాల సాఫ్ట్‌వేర్లు ఫైలును ముట్టుకున్నప్పుడల్లా వదిలిన పేర్లవి, కొన్ని ఫైళ్లలో వేలల్లో ఉంటాయి. డీజీఎన్ చెత్తను కొత్త వెర్షన్లలో పర్జే తీసేస్తుంది. పాత వెర్షన్ల కోసం ఆటోడెస్క్ విడిగా ఒక టూల్ ఇచ్చింది. అక్షరాలు, కొలతల సైజు నిర్ణయించే యానొటేషన్ స్కేళ్ల జాబితా కూడా తెరిచి చూడు. ‘ఎక్స్‌రెఫ్’ తోకలు తగిలించుకున్న స్కేళ్లు పేజీలకు పేజీలు కనిపిస్తే రీసెట్ కొట్టు. ఓవర్‌కిల్ అనే కమాండ్ గురించి మాత్రం ఒక హెచ్చరిక. ఒకదాని మీద ఒకటి పడ్డ గీతల్ని అది తీసేస్తుంది, నిజమే. కానీ పైపింగ్‌లో ఒక లైను మీద ఇంకో లైను కావాలనే గీసి ఉండొచ్చు. పక్కన సీనియర్ లేకుండా దాన్ని వాడకు.

ఇన్ని చేసినా ఫైలు దిగకపోతే, ఉన్న డ్రాయింగంతా డబ్ల్యూబ్లాక్ అనే కమాండ్‌తో కొత్త ఫైల్లోకి రాసేయడం ఆఖరి మార్గం. ఇల్లు కడగలేనప్పుడు సామాను పట్టుకుని కొత్తింటికి మారిపోవడం లాంటిది.

ఇక మీ సార్‌తో ఎలా మాట్లాడాలి? నిజానికి నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ‘సార్, సిస్టమ్ మార్చండి’ అని అడిగితే ఖర్చు గుర్తొచ్చి ఆయన మొహం మాడ్చుకుంటారు. దానికి బదులు నోట్‌బుక్కు తీసుకెళ్లు. ‘సార్, ఈ షీటు తెరవడానికి ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు పడుతోంది. కాపీ మీద శుభ్రం చేసి చూస్తే యాభై సెకన్లకు దిగింది. గీతలు, డైమెన్షన్లు రెండిట్లోనూ ఒక్కలాగే ఉన్నాయి, ప్రింటు తీసి పోల్చాను. మీరొకసారి చూసి సరేనంటే మిగతావీ చేస్తాను’ అను. అంకెలు నీవి వేరే ఉంటాయి, వరస మాత్రం ఇదే. ప్రింటు తీసి పోల్చానన్న మాట మర్చిపోకు. డిజైన్ ఆఫీసు నడిపేవాడికి ఫైలు వేగం కంటే గీత పోలేదన్న భరోసా ముఖ్యం. ఇదంతా అందరి ముందూ వద్దు, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. ఆయన నిన్ను అందరి ముందూ అన్నారు కదా అని నువ్వూ అదే చేయకు.

అక్క చెప్పిన కోర్సు గురించి. టెస్టింగ్ చెడ్డ పనేమీ కాదు. ఇష్టమై వెళ్తే నేనే దగ్గరుండి పంపుతాను. కానీ నువ్వు వెళ్తానంటున్నది దానిమీద ఇష్టంతో కాదు, ఒక ఫైలు తెరుచుకోవడం లేదని. పైగా నువ్వున్న ఊరు చూడు. స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్, మల్కాపురంలో రిఫైనరీ, పరవాడలో ఫార్మా సిటీ, సింహాద్రి పవర్ ప్లాంట్. వీటిలో పైపు లేని చోటు చూపించు! ప్లాంట్లలో లైన్లు మారుస్తూనే ఉంటారు, మార్చినప్పుడల్లా డ్రాయింగ్ మారాలి. ఆ డ్రాయింగులు పాతికేళ్లుగా పది చేతులు మారి, పది వెర్షన్లలో సేవ్ అయి, ఇప్పుడు నీ తెర మీద తొమ్మిది నిమిషాలు తీసుకుంటున్నాయి. గీసేవాళ్లు చాలామంది దొరుకుతారు. అలాంటి పాత ఫైలును గీత చెడకుండా దారికి తెచ్చేవాళ్లు, ఎక్స్‌రెఫ్‌లు, లేయర్లు, ఫైళ్ల పేర్లు ఒక పద్ధతిలో ఉంచేవాళ్లు తక్కువ. కాస్త పెద్ద ఆఫీసుల్లో ఆ పనికి క్యాడ్ కోఆర్డినేటర్ అనో క్యాడ్ అడ్మిన్ అనో విడిగా కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ ఎక్కేది నీలా ఈ బాధలు పడ్డవాళ్లే.

కనీసం ఏడాది ఇక్కడే ఉండు. ఈలోగా ఆడిట్, పర్జ్, సేవ్ అనే మూడు పనుల్ని ఒక చిన్న స్క్రిప్ట్ ఫైలుగా రాసుకో. అది నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్ల పని. అది నచ్చితే ఆటోలిస్ప్ మొదలుపెట్టు. పైపింగ్‌లోనే ఉంటానంటే త్రీడీ వైపు ప్లాంట్ త్రీడీ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు, కానీ ఐసోమెట్రిక్ (పైపు లైనును కోణంలో చూపించే డ్రాయింగ్) చదవడం బాగా వచ్చాకే. బీటెక్ చేయాలనుంటే డిప్లొమావాళ్లకు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో సీటు వస్తుంది. నాన్నగారు ఆ లక్షా పదివేలు ఎలాగూ పెడతానంటే, ఆ ఫీజు కోసం దాచమను. రెజ్యూమెలో ‘ఆటోకాడ్ వచ్చు’ అని రాయకు, అందరూ అదే రాస్తారు. ఫైలు ముందెంత, తర్వాతెంత, ఏం చేశావు అని రెండు లైన్లు రాయి. క్లయింటు పేరు మాత్రం రాయకు.

ఇప్పటికి ఇవన్నీ పక్కన పెట్టి, సోమవారం పొద్దున్న మొదటి ఫైలు తెరిచేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కు. తెరుచుకున్నాక ఎఫ్2 నొక్కి, లైను ఏ పేరు దగ్గర ఆగిందో, ఎంతసేపు ఆగిందో నాకు రాయి. అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.